అందరికీ తగిలే చుక్క

ఆగస్టు 4, శుక్రవారం

కాలేజీకి సెలవు పెట్టించి మరీ నన్ను ఇక్కడ కూర్చోబెట్టాడు కెప్టెన్ గుంబాన్. ఇలోయిలో పోలీసు ఆఫీసు రెండో అంతస్తు, మనుషుల అక్రమ రవాణా చూసే విభాగం. ఏసీ పనిచెయ్యదు. ఫ్యాను మాత్రం మహా జోరు, బల్లమీద కాగితం ఒక్కటి నిలవదు. ఇక్కడ చూసిందీ విన్నదీ బయట మాట్లాడనని సంతకం పెట్టించుకున్నారు. నోరు కట్టుకుని బతకడం నావల్ల కాదు గనక ఇందులో రాస్తున్నాను.

రియలిన్ అనే పిల్ల, పంతొమ్మిదేళ్ళది, కాల్ సెంటర్ ఉద్యోగమని జూలైలో ఇల్లు వదిలింది. ఉద్యోగమూ లేదు, కాల్ సెంటరూ లేదు. ఇలా వెళ్ళినవాళ్ళని సముద్రం దాటించి, సరిహద్దు అవతల మోసాల కంపెనీల్లో పడేస్తున్నారు. రోజంతా ఫోన్లో ముక్కూమొహం తెలియని వాళ్ళని ముగ్గులోకి దింపి డబ్బు గుంజాలి, గుంజలేకపోతే దెబ్బలు తినాలి. రియలిన్ ఇంకా దాటలేదు. దక్షిణాన ఉన్న రేవు ఊరు జంబోవాంగాలో ఏదో ఇంట్లో, పడవ కోసం పెట్టి ఉంచారు. దొంగచాటుగా తమ్ముడికి ఒక మెసేజ్ పెట్టింది: గదికి తాళం వేశారు, సముద్రం చప్పుడు వినిపిస్తోంది అని. జంబోవాంగాలో సముద్రం చప్పుడు వినిపించని ఇల్లేది?

పడవ ఎక్కేలోగా ఆ ఇల్లు తెలియాలి. ఎక్కిందంటే ఇక మన చేతిలో ఏమీ లేదన్నాడు కెప్టెన్.

వాళ్ళమ్మ మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. ఎండుచేపలు అమ్ముతుందట. అందరూ నాంగ్ అడెల్ఫా అంటున్నారు, నేనూ అక్కా అన్నట్టు నాంగ్ అనే పిలిచాను. నేను పైకి వస్తుంటే లేచి నిలబడింది, నేనేదో ఆపరేషన్ చేసి బయటికొచ్చిన పెద్ద డాక్టర్ని అన్నట్టు. లెక్కల టీచర్ని తల్లీ అనబోయి ఊరుకున్నాను.

ఆగస్టు 7, సోమవారం

నలుగురు ఏజెంట్లు దొరికారు. అంటే మనుషులు కాదు, వాళ్ళ ఫోన్లు. కోర్టు అనుమతి ఉంది గనక ఎవరు ఎవరికి ఫోన్ చేసినా మాకు తెలుస్తుంది. వాళ్ళని ఇప్పుడే పట్టుకోవద్దని కెప్టెన్ పట్టు. పట్టుకుంటే నోరు మూసుకుంటారు, పడవ ముందే కదిలిపోతుంది.

నన్ను పిలిచింది ఈ లెక్కకే. మనిషికో చుక్క పెట్టాను, మాట్లాడుకున్న ఇద్దరి మధ్యా గీత గీశాను. వింతేమిటంటే ఆ నలుగురూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్న పాపాన పోలేదు. కానీ పడవ తేదీ మారితే నలుగురూ ఒకే రోజు తాము పంపబోయే పిల్లలకి ఫోన్ చేసి చెప్తారు. గాలి వచ్చి చెవిలో ఊదిందా? మధ్యలో ఎవరో ఉన్నారు, ఫోన్ ముట్టని మనిషి. ఆ చోట పేరు లేని ఖాళీ చుక్క ఒకటి పెట్టాను.

"మేడమ్, మీ లెక్కలో దయ్యం దూరింది" అన్నాడు కార్పొరల్ డిండో. ఈ ఆఫీసులో నాకు సాయం చేసేది అతనొక్కడే. కాఫీ ఇచ్చినప్పుడల్లా ఫోన్ తీసి వాళ్ళ పాప ఫోటో చూపిస్తాడు, నిన్నటిదే అయినా కొత్తదన్నట్టు.

దయ్యం కాదు నాయనా, మనిషే. దయ్యమైతే ఇంత పద్ధతిగా ఉండదు.

ఆగస్టు 9, బుధవారం

ఫోన్లో లేని చుట్టరికాలు పట్టుకోవాలనుకున్నాను. ఈ ఇలోయిలోలో మనుషుల్ని కలిపి కుట్టేది రక్తసంబంధం ఒక్కటే కాదు. చర్చిలో బిడ్డ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి నిలబడాలి. పెళ్ళయితే ఇద్దరు చాలరు, వరసకట్టి నిలబడాలి. ఎవరైనా వచ్చి మా బిడ్డకి జ్ఞానతల్లివి కమ్మని అడిగితే కాదనకూడదు, బిడ్డకి కీడు. నిలబడ్డాక ఆ బిడ్డ చదువూ ఉద్యోగమూ నీ పూచీ. అందుకని ఏజెంట్ల వైపూ, వెళ్ళిపోయిన పిల్లల ఇళ్ళవైపూ ఎవరికెవరు నిలబడ్డారో కనుక్కు రమ్మన్నాను. డిండో ఊరంతా తిరిగి వచ్చాడు.

చిత్రం గీస్తే ముగ్గురు అందరికీ తగిలారు. గుడి ఫాదర్, వార్డు పెద్ద, మా తియా పురేసా.

గదిలో అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అమ్మ అక్క, ఈ తియా పురేసానే; పెద్దమ్మా అన్నట్టు తియా అంటాను. మా పేట అరెవాలోలో సగం మంది పిల్లలకి జ్ఞానతల్లి. కెప్టెన్ అయితే, మా చెల్లెలి పెళ్ళికి కూడా ఆవిడే నిలబడింది టీచర్, నన్నూ మీ చిత్రంలో పెట్టండి అన్నాడు.

అందరికీ తగిలే చుక్క ఏమీ చెప్పదు. క్లాసులో మొదటి వారమే చెప్తాను ఇది. అందరూ వెళ్ళే బజారు చూసి ఎవరు ఎవరికి స్నేహితులో చెప్పలేం కదా. ముగ్గుర్నీ తీసేద్దామన్నాను, కెప్టెన్ తీసెయ్యమన్నాడు. తీసేశాను.

ఆగస్టు 10

తీసేశాక చిత్రం ముక్కలు ముక్కలైంది. ఖాళీ చుక్కకి ఎవరూ సరిపోవడం లేదు.

ఆగస్టు 14, సోమవారం

ఆ ఖాళీ చుక్క టికెట్లమ్మే ఏజెన్సీ వాడే అనుకున్నాను. లెక్క ప్రకారం వాడు కొంత దగ్గరగా వచ్చాడు. డిండో వాడి వెనక తిరిగి తిరిగి వచ్చి, మేడమ్ వాడు రోజూ కోడిపందేలకే వెళ్తున్నాడు, నేను కూడా ఒకటి కాశాను అని చెప్పాడు. కెప్టెన్ నవ్వలేదు. టీచర్, బొమ్మలు బాగున్నాయి, మరి ఇల్లెక్కడ అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ అడిగింది న్యాయమే.

కిందికి దిగుతుంటే నాంగ్ అడెల్ఫా ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. కొంచెం ముందుకి జరిగారా మేడమ్ అని అడిగింది. జరిగామన్నాను. అబద్ధం.

ఆగస్టు 16, బుధవారం

ఇవాళ పేర్లన్నీ తీసేశాను. పేర్లుంటే కళ్ళు అబద్ధమాడతాయి, వీడు మంచివాడు వీడు తాగుబోతు అని మనమే తీర్పు చెప్పేస్తాం. అందుకని అందరికీ అంకెలిచ్చి, తీసేసిన ముగ్గుర్నీ కూడా మళ్ళీ పెట్టి లెక్క మొదటినుంచీ వేశాను. ఎవరు ఎవరికి చుట్టం అని కాదు, ఎవరు ఎప్పుడు కలుస్తారు అని. నలుగురు ఏజెంట్లు తేదీ మార్చి చెప్పేది ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నం తర్వాతే. మిగతా రోజుల్లో ఒక్కసారీ లేదు. మరి ఆదివారం పూజ అయ్యాక ఆ నలుగురూ కలిసే మనిషి ఎవరు?

ఖాళీ చుక్కలో పదిహేడు అంకె వచ్చి కూర్చుంది. తీసి చూశాను, చిత్రం ఊడిపోయింది. పెట్టి చూశాను, నిలబడింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

పదిహేడు ఎవరో చూడలేదు. ఇంటికి టైమైపోయింది.

ఆగస్టు 17

పని ఎక్కువ. పేరు చూడటం కుదరలేదు.

ఆగస్టు 18, శుక్రవారం

ఏం చూడాలి? అంకెలు వేసింది నేనేగా.

పూజ అయ్యాక జ్ఞానపుత్రులు, పుత్రికలు ఎక్కడికి వెళ్తారు? తియా ఇంటికి. వరండాలో వరసగా నిలబడి ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. ఆవిడ ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి మంచీచెడూ అడుగుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ వరసలో ఆ నలుగురూ ఉంటారు. వెళ్ళిపోయిన ప్రతి పిల్లకీ వాళ్ళమ్మ ఆవిడ దగ్గరికే వచ్చి ఉద్యోగం చూడమని అడిగి ఉంటుంది.

అయినా లెక్క తప్పవచ్చు. లోకంలో ఏ లెక్కా నూటికి నూరు పాళ్ళు నిలవదు. ఖాయం చేసుకోకుండా ఒక మనిషి పేరు బయటపెట్టడం శాస్త్రం కాదు. అదీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బీపీ ఉన్న మనిషి.

కెప్టెన్‌కి చెప్పలేదు. అతను వేరే హుషారులో ఉన్నాడు. ఏజెంట్లలో ఒకడు సోమవారం జంబోవాంగా వెళ్తున్నట్టు ఫోన్లో దొరికింది. వాడి వెనకే మనవాళ్ళు వెళ్తే ఇల్లు దొరికిపోతుంది. ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు, కెప్టెన్‌కీ డిండోకీ నాకూ.

నాంగ్ అడెల్ఫా ఇవాళ రియలిన్ ఫోటో ఇచ్చింది. కాలేజీ యూనిఫామ్, పళ్ళకి తీగ. మీ దగ్గర ఉంచుకోండి మేడమ్, లెక్క వేస్తున్నప్పుడు ముందు పెట్టుకుంటారని అంది. సొరుగులో పెట్టాను.

ఆగస్టు 20, ఆదివారం

తియా ఇంటికి భోజనానికి మాత్రమే వెళ్ళాను. ప్రతి ఆదివారం వెళ్తాను కదా, ఇవాళ మానేస్తే అదే అనుమానం.

వరండా ఖాళీ అయ్యాక వెళ్ళాను. కందులూ పందికాలూ పనసకాయా వేసి పులుసు పెట్టింది, నాకిష్టమని. కొత్త ఫ్రిజ్ కనపడింది. ఎవరో పిల్లాడు ఇచ్చాడట. సన్నబడ్డావు ఇందాయ్, ఆ పోలీసుల కూడు తింటే అంతే అంది. నన్ను ఎప్పుడూ ఇందాయ్ అనే పిలుస్తుంది, బంగారుతల్లీ అన్నట్టు. నెలియా అని పేరు పెట్టి పిలిచిందంటే కోపమొచ్చినట్టే.

అడెల్ఫా కూతురు సంగతి నేనే ఎత్తాను. అయ్యో, దాని జ్ఞానస్నానానికి నిలబడింది నేనే కదా అంది. ఉద్యోగం చూడమని వాళ్ళమ్మే వచ్చి కూర్చుందట. ఎవరికి చెప్పావని అడిగాను.

"ఎవరికని ఏముంది? ఆదివారం వచ్చేవాళ్ళందరూ నా పిల్లలే. వీడికి మనుషులు కావాలి, దానికి పని కావాలి. పిల్ల మంచిది అని ఒక మాట చెప్పాను. మాట చెప్పడం కూడా తప్పేనా ఇందాయ్?"

"ఎక్కడికి పంపుతున్నారో నీకు తెలుసా తియా?"

గరిటె తీసుకుని పులుసు కలిపింది.

"మొదట్లో తెలీదు" అంది.

తర్వాత అని అడగాలి. అడగలేదు. ఆవిడే చెప్పింది, నాకు వినిపించీ వినిపించనట్టు. ఒక పిల్ల అక్కణ్ణించి ఏడుస్తూ ఫోన్ చేసిందట. వద్దురా ఇక అని ఆ నలుగురితో అంటే, ఇప్పుడు నువ్వు మానేస్తే ముందు పంపినవాళ్ళ అమ్మలందరికీ నీ పేరే చెప్తామన్నారట. ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా అంది. అన్నం ఇంకొంచెం పెట్టింది.

లేవబోతుంటే అడిగింది. "మీ ఆఫీసులో నా పేరుందా?"

"లేదు. నేనే తీసేశాను."

"మరి నా పిల్లలవి?"

లేవని మాత్రం అనలేదు. కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. గిన్నెలో పులుసు పోసి, మూత కట్టి ఇచ్చింది.

కేసు గురించి నేను ఒక్క ముక్క చెప్పలేదు. అది మాత్రం నిజం.

ఆగస్టు 21, సోమవారం

నాలుగు ఫోన్లూ ఆగిపోయాయి. నిన్న సాయంత్రం నుంచీ ఒక్క కాల్ లేదు. జంబోవాంగా వెళ్ళాల్సినవాడు వెళ్ళలేదు. ఇంట్లోనూ లేడు. కెప్టెన్ కుర్చీని తన్నాడు.

ఆగస్టు 22

పడవ ఆదివారం రాత్రే కదిలిందని జంబోవాంగా నుంచి కబురు. తాళం వేసిన గది దొరికింది. ఖాళీగా ఉంది.

నాంగ్ అడెల్ఫాకి కెప్టెనే చెప్పాడు. నేను వెనక మెట్ల మీదుగా ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 23, బుధవారం

ఇవాళ నన్ను పిలిచి తలుపు వేశాడు కెప్టెన్. మనలోంచే ఎవరో ఉప్పందించారు టీచర్, ఎవరో పట్టుకోవాలి, మీ పద్ధతిలోనే పట్టుకోండి అన్నాడు. ఆ నలుగురి చుక్కలు ఒక పక్క, ఈ ఆఫీసు ఒక పక్క, మధ్యలో ఒక ఖాళీ చుక్క. అతనే గీశాడు, నా దగ్గర నేర్చుకున్నాడు కదా. బాగానే గీశాడు.

ఆఫీసు పక్క రెండే పేర్లు రాశాడు, తనదీ డిండోదీ. నా పేరు రాయలేదు. లెక్క వేసేవాళ్ళని లెక్కలో పెట్టం. ఆ నియమం నేనే మొదటిరోజు చెప్పాను.

డిండో భార్య, ఏజెంట్లలో ఒకడికి మేనమామ కూతురట. ఆదివారం వాళ్ళు పాపని తీసుకుని అరెవాలో గుడికి వెళ్ళారట. ఇంకేముంది, కెప్టెన్ పెన్ను పెట్టి డిండో చుట్టూ సున్నా చుట్టాడు. ఎంతమటుకు నిజమని అడిగాడు. చూస్తానన్నాను.

ఆగస్టు 24, గురువారం

డిండో తుపాకీ, బ్యాడ్జీ తీసుకున్నారు. అతను నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మేడమ్, మీ లెక్కలో నేను లేనని మీరే చెప్పండి, మీ మాట వింటాడు అన్నాడు. అతని మొహం చూడలేకపోయాను. ఇంకా పూర్తవలేదు డిండో అన్నాను. ఎంత నీచంగా ఉందో ఆ మాట, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

చిత్రంలో అతని పేరు పెడితే గీతలు సరిపోవు. తేదీలు చేరవేసే మనిషి దాకా అతని గీత పోదు. అతన్ని తేలిగ్గా బయటపడెయ్యవచ్చు. కానీ అతన్ని తీస్తే ఆ చోటు మళ్ళీ ఖాళీ. ఎవరో ఒకరి పేరు కావాలి. నా పేరు రాస్తే సరిపోతుంది. చుక్కలా సరిపోతుంది. మరి నా గీత రెండో కొస ఎక్కడికి పోతుందో కూడా రాయాలి కదా. నా ఒక్కదాని పేరు చెప్పి ఊరుకునే దారి ఎంత వెతికినా కనపడలేదు. నన్ను రాస్తే ఆవిణ్ణి రాసినట్టే.

పులుసు గిన్నె కడిగి పెట్టాను. తిరిగి ఇవ్వాలి.

నాకు తియా తప్ప ఎవరున్నారు. నాకు జ్వరమొస్తే పక్కమీంచి లేచేది కాదు. నేను డిగ్రీ పాసైతే వీధంతా నూడుల్స్ పంచింది. ఎవరినీ చెయ్యెత్తి కొట్టిన మనిషి కాదు. మాట చెప్పింది. అంతే చేసింది. మాటే కదా.

ఆ మాట లేకపోతే అడెల్ఫా తన కూతుర్ని గుమ్మం దాటనిచ్చేదా?

ఆగస్టు 25, శుక్రవారం

రాశాను. నా పేరు ఖాళీ చుక్కలో, దాని అవతల తియా పేరు, అక్కణ్ణించి నలుగురికీ గీతలు. కెప్టెన్ ముందు పెట్టాను. అతను కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఆవిడ మా చెల్లెలి పెళ్ళికి నిలబడింది అన్నాడు, నేను మర్చిపోయానేమో అన్నట్టు. తెలుసన్నాను. మీరు ఎందుకెళ్ళారు అక్కడికి అన్నాడు. భోజనానికి అన్నాను. చెప్పడానికి అదే ఉంది నా దగ్గర.

డిండోకి బ్యాడ్జీ తిరిగి ఇచ్చారు. మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. ఫోన్ తియ్యలేదు.

ఆగస్టు 26

తియాని తీసుకెళ్ళారు. వీధి వీధంతా బయటే ఉందట. నేను వెళ్ళలేదు.

ఆగస్టు 29, మంగళవారం

ఆఫీసుకి రావద్దన్నారు. నా మీద విచారణ తర్వాత ఉంటుందట. కాలేజీకీ పోబుద్ధి కాలేదు. తియా పోలీసులతో నోరు మెదపడం లేదట, ఎంత అడిగినా. జైలుకి వెళ్ళి గేటు దాకా పోయి తిరిగొచ్చాను. పేరు పెట్టి పిలుస్తుందేమోనని భయం వేసింది. ఒక్కటే అనుకుంటున్నాను రోజంతా. ఆ పద్దెనిమిదో తారీఖు శుక్రవారమే చెప్పి ఉంటే? శుక్రవారం అంతా ఉంది, శనివారం అంతా ఉంది.

సెప్టెంబరు 3, ఆదివారం

పొద్దున తలుపు కొడితే తీశాను. నాంగ్ అడెల్ఫా. ఇల్లు ఎవరు చెప్పారో తెలియదు. లోపలికి రమ్మన్నాను, వచ్చింది.

నిన్న జైలుకి వెళ్ళి తియాని చూసిందట. ఎండుచేపలూ అన్నమూ పట్టుకెళ్ళిందట. నేను నోరు తెరిచి ఏదో అనబోయాను. క్షమించమనే అనుంటాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవకు. నాకు ఓపిక లేదు. ఆమె కాళ్ళ మీద పడ్డాను, చెప్పింది. నా పిల్లని ఏ ఊళ్ళో పెట్టారో, ఏ కంపెనీలో పెట్టారో చెప్పింది. పోలీసులకి వద్దు, ఇందాయ్ చేతికే ఇవ్వు, అది చేయాల్సింది చేస్తుంది అంది."

కుర్చీ లాగాను. కూర్చోలేదు.

"నా పిల్లని పంపింది ఆమె. నువ్వు అన్నీ తెలిసీ ఆదివారం పోయి అక్కడ అన్నం తిన్నావు. అంతకు రెండు రోజుల ముందే పిల్ల ఫోటో నీ చేతిలో పెట్టాను నేను. మీ ఇద్దరి మొహాలూ చూడాలని లేదు నాకు. కానీ పిల్ల కావాలి. అందుకే అక్కడికి పోయాను, ఇక్కడికి వచ్చాను. రాసుకో."

కాగితం తెచ్చుకున్నాను. ఊరి పేరు చెప్పింది. నది వంతెన, దాని పక్క ఎర్ర గేటు, మూడంతస్తుల ఇల్లు, కాపలావాడి పేరు చెప్పింది. దారంతా వల్లించుకుంటూ వచ్చినట్టుంది, ఎక్కడా తడబడలేదు. అన్నీ రాసుకున్నాను. ఇప్పుడే కెప్టెన్‌కి ఫోన్ చేస్తానన్నాను.

"ముందు చదువు" అంది.

చదివాను.

"మళ్ళీ చదువు" అంది. తప్పేమీ రాయలేదు నాంగ్ అన్నాను. మళ్ళీ చదవమంది. నా పక్కకి వచ్చి, ఒక్కొక్క మాట మీదా వేలు పెడుతూ నిలబడింది. నేను మళ్ళీ చదివాను.